హద్దు తినేసిన కోళ్ళు

మా వైపు చోడిపేటలో గుర్రయ్య ఇల్లు ఏదని అడిగితే "తెలివైనోళ్ళ ఇల్లా? అదిగో" అని చూపిస్తారు. చూపించి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంటారు. గుర్రయ్య, అతని పెళ్ళాం ఆదెమ్మ, తమ్ముడు మల్లేసు మాత్రం ఆ మాట నిజమేనని పొంగిపోతుంటారు.

ఓసారి ఆదెమ్మకి పుట్టింటి నుంచి ఆరు పెట్టలూ ఒక పుంజూ వచ్చాయి. కాళ్ళకి కట్టు విప్పారో లేదో, అన్నీ పక్కింటి కాంతమ్మ తోటకూర మడిలో తేలాయి.

"ఇంకోసారి కనబడ్డాయో, పులుసు పెట్టేస్తా!" అంది కాంతమ్మ.

ఆదెమ్మ గొల్లుమంది. "మా అమ్మ చేత్తో గింజలేసి పెంచిన కోళ్ళు! పులుసైపోతే అమ్మకి ఏం మొహం చూపించను?"

"వాటికి మన హద్దు తెలీదే, అంతే!" అన్నాడు గుర్రయ్య. వాకిలి చుట్టూ బియ్యప్పిండితో ముగ్గు గీసి, పుంజుని చంకనెత్తుకుని మరీ తిప్పి చూపించాడు. ఇంకేముంది! కోళ్ళు వరసగా నిలబడి హద్దంతా తినేశాయి. తిని, మళ్ళీ తోటకూరలోకి నడిచాయి.

ఎలాగో వాటిని పట్టుకొచ్చి, కోళ్ళ సంగతి తెలిసిన సన్యాసమ్మత్తని అడిగారు.

"మూడు రోజులు గంప కింద మూసి ఉంచండర్రా. ఇల్లు అలవాటైపోద్ది. ఆనక ఎంత తిరిగినా ఆ చుట్టుపక్కలే తిరిగి, పొద్దుగూకేసరికి వాటంతటవే ఇంటికొస్తాయి" అంది అత్త.

గంప తెచ్చాక మల్లేసుకి అనుమానమొచ్చింది. "గంప కింద ఉంటే గంప అలవాటవుద్ది గానీ ఇల్లెలా అలవాటవుద్ది వదినా?"

"నిజమే సుమీ!" అంది ఆదెమ్మ. అంతే, కోళ్ళని ఇంట్లోకి తోలారు.

"మనం కూడా లోపలుంటే ఇల్లు ఎవరిదో వాటికి తెలీదు" అన్నాడు గుర్రయ్య.

"మరి మనమో?" అన్నాడు మల్లేసు.

"గంప ఖాళీయేగా!"

ఇంకేముంది! ముగ్గురూ వాకిట్లో గంప కింద దూరారు. తలలు లోపల పట్టాయి, వీపులు బయట ఉండిపోయాయి. ఇంట్లో ఉట్టి మీది కుండ పగిలింది. బియ్యం డబ్బా దొర్లింది.

"అలవాటు పడుతున్నాయి!" అని ఆదెమ్మ సంతోషంతో కళ్ళు తుడుచుకుంది.

మూడో రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. సన్యాసమ్మత్త గొడుగేసుకుని వచ్చి చూస్తే, పుంజు గుర్రయ్య మంచం మీద వెచ్చగా కునుకు తీస్తోంది. వాకిట్లో మూడు వీపులు తడుస్తున్నాయి. అత్త నెత్తి కొట్టుకుని గంప పైకెత్తింది.

"లేవండర్రా! ఇంట్లోకి పోండి!"

గుర్రయ్య గంప అంచు రెండు చేతులా పట్టుకుని కిందికి లాగాడు.

"మూసెయ్యత్తా, నీకు దణ్ణం పెడతా! ఇంకా ఒక పూటుంది. ఇప్పుడు వదిలేశావంటే మేం ఎటు పోతామో మాకే తెలీదు!"