సుభాషిణి ఊపిరి

కోటిలింగం మాస్టారిని ఎవరైనా ధర్మసందేహం అడిగితే ఆయన వాదనకి దిగేవారు కాదు. హార్మోనియం మూసి, కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకుని, తాను ఎరిగిన మనిషి సంగతి ఒకటి చెప్పేవారు. ఆ సంగతికీ మా ప్రశ్నకీ ఉన్న చుట్టరికం ఏమిటో మాత్రం చెప్పేవారు కాదు. అది మేమే వెతుక్కోవాలి. తెనాలిలో ఆయన మేడమీద గదిలో పద్యాలు నేర్చుకునే మాకందరికీ ఇది అలవాటైన విషయమే.

ఒక ఆదివారం సత్యకీర్తి అడిగాడు. ఇతను బ్యాంకు ఉద్యోగం మానేసి, ఇకమీదట నాటకమే నా బతుకని బంధువులందరి ముందూ ప్రకటించి వచ్చినవాడు. కొన్నాళ్ళు గడిచేసరికి మళ్ళీ ఉద్యోగంలో చేరాలని అతని మనసు పీకడం మొదలుపెట్టింది. చేరడానికి సిగ్గు అడ్డం వస్తోంది.

“మాస్టారూ, మనంతట మనం కోరి చేసుకున్నదాన్ని మనమే విడిచిపెడితే, కోరుకున్ననాడు మనకి బుద్ధి లేదని ఒప్పుకున్నట్టే కదండీ?”

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “పసుపులేటి సుభాషిణిని ఎరుగుదువా?”

“రాణి వేషాలు కట్టే ఆవిడ కదండీ. పేరు విన్నాను.”

“ఆవిడ నాటకాలకి హార్మోనియం నేనే వాయిస్తాను. ఆవిడకి జరిగింది చెబుతాను. దాచమని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నలుగురికీ చెప్పమనే అంది.”

ఆయన చెప్పిన సంగతి ఇది.

పద్యనాటకంలో పద్యం చదవడం ఒక ఎత్తు, చివర రాగం సాగదీయడం మరొక ఎత్తు. ఆ రాగం ఒకే గుక్కలో నడవాలి. ఎక్కడైనా ఊపిరి తెగితే వినేవాడి ఉత్సాహం కూడా అక్కడే తెగిపోతుంది. సుభాషిణి రాగం ఎత్తుకుంటే, సోడా తాగడానికి లేచి వెళ్ళినవాళ్ళు సగం దారిలో వెనక్కి తిరిగేవారు. అంత గొంతు, అంత దమ్ము ఉన్న మనిషి. కానీ ఇద్దరు పిల్లలు పుట్టి, ఆ పైన టైఫాయిడ్‌తో పడి లేచాక బాగా చిక్కిపోయింది. అద్దంలో చూసుకుంటే రాణి వేషం తనది కాదనిపించేది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. తనే విచారించుకుని, తనే నిశ్చయించుకుని, హైదరాబాదు వెళ్ళి రొమ్ములు నిండుగా కనబడేందుకు లోపల సిలికాన్ జిగురు నింపిన సంచులు, ఇంప్లాంట్లంటారు, పెట్టించుకుంది. ఆమె భర్త శేషగిరి ఆ నాటక సమాజంలోనే మేకప్ చేస్తాడు, దుస్తులు చూసుకుంటాడు. అతను వద్దనలేదు, కావాలనీ అనలేదు. “నీ ఒళ్ళు, నీ ఇష్టం” అని తోడు వెళ్ళాడు.

తిరిగి వచ్చాక ఆమె నడకే మారిపోయింది. స్టేజీ మీదికి వస్తూంటే తెర ఆమెకోసమే తొలగినట్టుండేది. కొన్నేళ్ళు అలాగే హుషారుగా గడిచాయి. ఆ తర్వాత ఒక చలికాలం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు. కాస్సేపటికి సర్దుకున్నాయి. మర్నాడు మళ్ళీ అంతే. మెల్లగా ఒళ్ళు నొప్పులు వచ్చాయి, ఎంత పడుకున్నా తీరని అలసట వచ్చింది, దువ్వెన నిండా వెంట్రుకలు రావడం మొదలైంది. ఎడమవైపు రొమ్ము రాయిలా గట్టిపడి, గుండెలకి పట్టీ బిగించి కట్టినట్టుండేది. రేపల్లెలో నాటకమాడుతూ వంద మార్లు చదివిన పద్యంలో మూడో పాదం మరిచిపోయింది. మాస్టారు హార్మోనియం మీద స్వరాలు తిప్పుతూ నిలబెట్టారు, ఆమె ఎలాగో అందుకుంది. అందుకుంది గానీ చివర రాగం సగంలోనే తెగింది. జనం నవ్వలేదు. కుర్చీల్లో కదిలారు. ఆ కదలడం ఆమె విన్నది.

అక్కడినుంచి ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలైంది. రక్తం పరీక్ష చేశారు, థైరాయిడ్ చూశారు, కీళ్ళవాతమేమోనని చూశారు, ఊపిరితిత్తులకి ఎక్స్‌రే తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఒకాయన కాగితాలు పక్కన పెట్టి, “మీరు ఆర్టిస్టులు కదా, సున్నితమైన మనసు. కొంచెం విశ్రాంతి తీసుకోండి” అన్నాడు. బయటికొచ్చాక సుభాషిణి భర్తతో, “నా మనసు బాగానే ఉందండీ. వేళ్ళే ముడుచుకోవట్లేదు” అంది.

ఇంతలో సమాజంలో హంసవేణి అనే అమ్మాయికి రాణి వేషం నేర్పడం మొదలుపెట్టారు. మంచి అమ్మాయే. సుభాషిణే దగ్గర కూర్చుని నడక చూపించేది, మాట విరుపు చూపించేది. చూపించి ఇంటికెళ్ళి మంచమెక్కేది.

ఇంప్లాంట్లు పెట్టించుకున్న మరికొందరు ఆడవాళ్ళకి ఇలాంటి బాధలే వచ్చాయనీ, తీయించుకున్నాక కొందరికి తగ్గాయనీ ఆమెకి ఎవరివల్లో తెలిసింది. తెలిసిన క్షణం నుంచి ఆమె కూర్చోలేదు, నిలబడలేదు. శేషగిరికి మాత్రం ఆపరేషన్ అంటేనే భయం. “ఒకసారి కోశారు, మళ్ళీ కోస్తారా? తీసేశాక కూడా తగ్గకపోతే?” అన్నాడు. ఆమె బట్టలు సర్దుకుంది. గుంటూరులో అరుంధతి అనే సర్జను దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు.

ఆ డాక్టరమ్మ చెప్పనిచ్చింది. మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నది. ఆ తర్వాత పరీక్ష చేసి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“సుభాషిణిగారూ, ఎడమవైపు ఇంప్లాంటు చుట్టూ పొర గట్టిపడి బిగుసుకుపోయింది. అది నా చేతికి తెలుస్తోంది. ఆ బిగువుకి ఆపరేషనే మార్గం. మిగతా బాధలు, అంటే నొప్పులు, అలసట, మతిమరుపు, ఇవి వీటివల్లేనని తేల్చే పరీక్ష ఇంతవరకూ లేదు. తీసేస్తే తగ్గినవాళ్ళున్నారు, తగ్గనివాళ్ళూ ఉన్నారు. తర్వాత ఒళ్ళు మునుపటిలా ఉండదు. చర్మం సాగి ఉంటుంది, మచ్చలుంటాయి.”

“రాగం తీయగలనా అమ్మా?”

“మాట ఇవ్వలేను.”

శేషగిరి మొహం వాడిపోయింది. సుభాషిణి మొహంలో మాత్రం వెలుగొచ్చింది. “ఇన్నాళ్ళూ అందరూ నాకేమీ లేదని మాట ఇచ్చారు. ఇవ్వలేనన్నది మీరొక్కరే. మీరే తీయండి” అంది.

తీశారు. రెండు వైపులా ఇంప్లాంట్లు, వాటి చుట్టూ కట్టిన పొరలతో సహా తీశారు. గట్టిపడిన ఎడమవైపుది లోపలే చిరిగి ఉంది. జిగురులాంటి పదార్థం పొరలోకి కారి ఉంది. ఆ సంగతి డాక్టరు శేషగిరికి చెప్పింది. ఆపరేషన్‌కి ముందు తాను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయో ఏమో, మంచం దగ్గరికి వచ్చి ఆమె పాదాల మీద దుప్పటి కప్పి అక్కడే నిలబడ్డాడు. ఆమెకి మెలకువ వచ్చింది. ఛాతీ చుట్టూ కట్టు, పక్కల్లోంచి గొట్టాలు. నొప్పితో పళ్ళు బిగించింది. బిగించి, మెల్లగా ఊపిరి లాగింది. ఆగింది. మళ్ళీ లాగింది. భర్త కంగారుపడి నర్సుని పిలవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

“పిలవకండి. పట్టీ ఊడింది” అంది.

“కట్టా? బాగానే ఉందే” అన్నాడతను.

“అది కాదు. లోపలిది.”

ఊపిరి సంగతి అలా తేలింది గానీ మిగతావి అంత తొందరగా తేలలేదు. ఇంటికొచ్చిన కొత్తలో ఆమె ఒకసారి తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శేషగిరి అన్నం కలిపి తెచ్చి పెట్టాడు. ఆమె తిన్నది. నొప్పులు ఒక వారం తగ్గినట్టే తగ్గి మరో వారం తిరగబెట్టేవి. మాస్టారు పలకరించడానికి వెళితే, “తీసేసినా ఇంతేనేమో మాస్టారూ” అని నవ్వడానికి ప్రయత్నించేది.

ఒకరోజు తెల్లవారగానే మాస్టారికి ఫోన్ వచ్చింది. అంత పొద్దున్నే ఫోన్ అంటే ఆయన చెడ్డ కబురే అనుకున్నారు.

“మాస్టారూ, నేను సుభాషిణిని. తడి తువ్వాలు పిండాను.”

“ఏమిటమ్మా?”

“తువ్వాలండీ. నా రెండు చేతులతో మెలిపెట్టి పిండాను. ఆరేసి చూశాను, కింద ఒక్క చుక్క పడలేదు. వేళ్ళు ముడుస్తున్నాను, తెరుస్తున్నాను. ఆయన ఇంకా లేవలేదు. ముందు మీకే చెబుతున్నాను.”

ఆవిడ మాటలు ఒకదానిమీదొకటి పడుతున్నాయి. వెనక పంపు నీళ్ళు పోతున్న చప్పుడు. ఇంకో తువ్వాలు తడుపుతోందన్నమాట. మాస్టారు ఆ రోజు ఇంట్లో ఎవరికీ కారణం చెప్పకుండా మిఠాయి తెచ్చిపెట్టారు.

డాక్టరు సరే అన్నాక సాధన మొదలైంది. మొదట ఒక్కొక్క పాదం. తర్వాత పద్యం. మూడో పాదం దగ్గర మాస్టారు చెవులు రిక్కించి కూర్చునేవారు. అది తడుముకోకుండా వచ్చేది. రాగం మాత్రం సాధనలో తీయనంది. “స్టేజీ మీదే తీస్తాను. తెగితే అందరి ముందే తెగుతుంది” అంది. ఆయన ఎంత చెప్పినా వినలేదు.

చీరాలలో నాటకం పెట్టుకున్నారు. గ్రీన్ రూములో జరీ రవిక ఆమె ఒంటిమీద వదులుగా వేలాడింది. శేషగిరి సూదీ దారం పట్టుకుని, తటపటాయించి, మెల్లగా అడిగాడు. “లోపల కాస్త దూది పెట్టమంటావా?”

ఆమె అద్దంలోకి చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. “వద్దండీ. ఉన్నదానికి సరిపోయేట్టు కుట్టండి. ఊపిరి పీల్చుకోవడానికి మాత్రం చోటు వదలండి” అంది. అతను ఆమె ఒంటిమీదే కుట్టాడు. కుడుతూ రెండుసార్లు సూది తన వేలికే గుచ్చుకున్నాడు.

తెర లేచింది. రాణి వచ్చింది. ముందు వరసల్లో ఎవరో పక్కవాడితో, “మనిషి చిక్కిపోయిందే” అన్నమాట హార్మోనియం దాకా వినబడింది. ఆమెకీ వినబడే ఉంటుంది. పద్యం ఎత్తుకుంది. ఒకటో పాదం, రెండో పాదం, మూడోది నీళ్ళలా జారిపోయింది. నాలుగోది ముగించి రాగం అందుకుంది. మాస్టారు హార్మోనియం మెట్ల మీద వేళ్ళుంచి ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. రేపల్లెలో తెగిన చోటు వచ్చింది. దాటింది. ఇక దిగుతుందనుకున్నారు. దిగలేదు. పైకి వెళ్ళింది, అక్కడ నిలబడింది, ఇంకో చుట్టు తిరిగింది. ఆయన వేళ్ళు వెనకబడి, పరుగెత్తి ఆమెని కలుసుకోవలసి వచ్చింది. తబలా వాయించేవాడు లెక్క మరిచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె రాగం ముగించేసరికి మైదానమంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. వెనకనుంచి మొదలై “వన్స్ మోర్” అన్న కేక స్టేజీ దాకా అలలా వచ్చింది. సైడ్ వింగులో శేషగిరి పౌడరు పఫ్ చేత్తో పట్టుకుని, దాంతోనే కళ్ళు తుడుచుకుని, మొహమంతా తెల్లగా చేసుకున్నాడు. ఆమె మళ్ళీ చదివింది. మళ్ళీ లేచారు.

నాటకం అయ్యాక హంసవేణి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కాస్సేపు నగలు విప్పడానికి సాయం చేసి, తల దించుకుని అడిగింది. “అక్కా, నేను కూడా ఇంప్లాంట్లు పెట్టించుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మీరు పెట్టించుకుని పొరపాటు చేశారా?”

“అవి పెట్టించుకున్నాక కొన్నాళ్ళు నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. లేదని అబద్ధమాడను. తర్వాత ఎంత బాధపడ్డానో అదీ నిజమే. ఈ చిటికెన వేలు ఇప్పటికీ పొద్దున్నే మొరాయిస్తుంది. నాకు జరిగిందంతా చెబుతాను. మంచి డాక్టర్లని ఇంకా నలుగుర్ని అడుగు. ఆ తర్వాత నీ ఇష్టం. ముందు ఆ వడ్డాణం విప్పు, ఆకలేస్తోంది” అంది సుభాషిణి. ఆ పూట ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకు తిన్నదట.

మాస్టారు అక్కడితో ఆపి కళ్ళజోడు పెట్టుకున్నారు. మేమంతా చీరాల మైదానంలోంచి ఇంకా బయటికి రాలేదు. సత్యకీర్తి మాత్రం ముందుకు జరిగాడు.

“అయితే మాస్టారూ, మొదట ఆవిడ పెట్టించుకోవడం తప్పా, కాదా? ఆవిడ మీతో ఏమంది?”

“మర్నాడు ఫోన్ చేసిందయ్యా” అన్నారు మాస్టారు. “ఆ మాటే ఎత్తలేదు. వచ్చే నాటకంలో రెండో పద్యానికి శ్రుతి ఒక మెట్టు పెంచమంది.”