ఏడవని యోగి

పురిటిబిడ్డలకు మందు ఇవ్వాలంటే నంజుండయ్య సామికి చెయ్యి రాదు. హగరి ఏటి ఒడ్డున ఎన్నో మొండి జబ్బులు కుదిర్చిన వైద్యుడు, పసికందును చూపిస్తే మాత్రం తల్లికి పథ్యం చెప్పి పంపేస్తాడు. శిష్యుడు ఓబులేసుకు అది పిరికితనంగా తోచింది. నాలుగు మందులు నూరడం రాగానే గురువు జాగ్రత్త శిష్యులకు అలాగే కనిపిస్తుంది.

ఒక ఉదయం అడిగేశాడు: "సామీ, బరువును బట్టి తగ్గించి, తూచి ఇస్తే పసిబిడ్డకు మాత్రం ఏమవుతుంది?"

"ఎవరికిచ్చినావు?" అన్నాడు గురువు.

ఓబులేసు జరిగింది చెప్పేశాడు. చెన్నమ్మవ్వ మనవడు, నెలైనా నిండనివాడు, కడుపునొప్పితో గుక్కపట్టి ఏడుస్తుంటే నల్లమందు కలిపిన గుళిక రోజూ ఆవగింజంత ఇస్తున్నాడట. వాడి అక్కకు, విరేచనాలవుతున్న మూడేళ్ళ పిల్లకు, అదే గుళిక ఇంకాస్త ఎక్కువే ఇచ్చాడట.

"ఆ పాప కాసేపు పండుకోని లేసి ఆడుకుంటాంది సామీ. పిల్లోడైతే ఏడుపే మర్సిపోయినాడు. ఊరంతా వచ్చి చూసిపోతాండారు" అన్నాడు, కొంచెం గర్వంగానే.

గురువు చెప్పులు కూడా తొడుక్కోకుండా బయలుదేరాడు.

ఆ ఇంటి గడప ముందు టెంకాయ నీళ్ళు పారుతున్నాయి. లోపల చాటలో బిడ్డ. నుదుట విభూతి, మెడలో కనకాంబరాలు. సగం తెరిచిన కళ్ళు, ఎవరు వంగి చూసినా వాళ్ళను దాటి ఎక్కడికో చూస్తున్నాయి. పోయిన జన్మలో యోగి అని, ఇప్పుడు సమాధిలో ఉన్నాడని చెన్నమ్మవ్వ వచ్చినవాళ్ళకు చెబుతోంది. జనం భజన చేస్తున్నారు. అక్క తమ్ముడి కాళ్ళమీద ఒక్కో పువ్వే పెట్టి, కదులుతాడేమోనని చూస్తోంది. చేపుకొచ్చిన పాలతో రవిక తడిసిపోయి, బిడ్డ తాగడం లేదని ఎవరికి చెప్పాలో తెలియక, తల్లి మూలన కూర్చుని ఉంది.

"పాట ఆపండి" అన్నాడు గురువు. "వాని ఊపిరి విననీండి."

పాట ఆగింది. చిన్న ఊపిరి ఒకటి వినిపించింది. తర్వాత ఏమీ లేదు. అందరూ ఎదురుచూశారు. ఎంతసేపటికో ఇంకో ఊపిరి వచ్చింది, మొదటిదానికంటే సన్నగా. చేతులు జోడించినవాళ్ళు ఒక్కొక్కరే చేతులు దించేశారు.

గురువు దండ తెంపి పారేసి, బిడ్డ నోటికి నోరు ఆనించి మెల్లగా ఊదాడు. ఊపిరి నిలిచినప్పుడల్లా ఊదుతూ, అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు. తాను అలిసినప్పుడు ఓబులేసు చేత ఊదించాడు. పొద్దు వాలేవేళకు బిడ్డ ముఖం ముడుచుకుని కీచుమని ఏడ్చాడు. తల్లి పరుగున వచ్చి వాణ్ణి రొమ్ముకు అదుముకుంది.

జనానికి ఇది అంతగా నచ్చలేదు. యోగిని చూద్దామని వచ్చినవాళ్ళు మామూలు బిడ్డను చూసి, సణుక్కుంటూ వెళ్ళిపోయారు.

"తూకం తప్పలేదు సామీ" అన్నాడు ఓబులేసు.

"మొన్నటి ఆవగింజ పోయిందనుకోని నిన్నటిది ఏసినావు. ఒంట్లో పడిన మందును విరిచి బయటికి తోలేది వాళ్ళక్క ఒంటికి వచ్చు. వీడింకా నేర్చుకుంటాండాడు."

చెన్నమ్మవ్వ కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "మా యోగి మళ్ళా ఎప్పుడొస్తాడు సామీ?"

గురువు ఓబులేసు వైపు చెయ్యి చూపించాడు.

"మందిచ్చేది వీడు. వీన్నే అడుగవ్వా."