షమీమ్ చూపిన ఎనిమిది వేళ్లు

ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే కామేశం మాస్టారు జవాబు చెప్పేవారు కారు. "పద, చూద్దాం" అంటూ చెప్పులు వేసుకునేవారు. విశాఖలో ముప్పై ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన ఆయన దగ్గరికి ఒక ఉదయం పాత శిష్యురాలు వారిజ వచ్చింది. ఆమె బృందం ఒక రక్తనిధి కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. రక్తం కావాలని కబురు రాగానే, తగిన దాతల ఫోన్లకు సందేశం వెళ్లాలి. ఇప్పటికి రెండుసార్లు గడువు చెప్పారు, రెండుసార్లూ మాట తప్పారు.

"అందరూ ఒళ్లు వంచి పనిచేస్తున్నారు మాస్టారూ. ప్రణాళిక వేసేటప్పుడు ఒక్కరూ కాదనరు. అయినా పని ఎందుకు తెమలడం లేదు?"

మాస్టారు లేచి ఆమె వెంట ఆఫీసుకు వెళ్లారు.

వారిజతో కలిపి ఆరుగురు బల్ల చుట్టూ కూర్చున్నారు. రక్తనిధి పాత రిజిస్టర్లలోని ఆరువేల మంది దాతల వివరాలు ఎక్కించడం ఆ వారం పని. "ఇది రెండు..." అని వారిజ అనబోతుంటే మాస్టారు చెయ్యి ఎత్తి ఆపారు. ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ నోటితో చెప్పొద్దని, తాను మూడు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి వేళ్లు చూపించమని అన్నారు.

నలుగురు రెండేసి వేళ్లు చూపారు, ఒకరు మూడు. టెస్టింగ్ చేసే షమీమ్ మాత్రం ఎనిమిది చూపింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చేతులు దించేయబోయింది.

"ఉంచమ్మా. ఎనిమిదెందుకు?" అన్నారు మాస్టారు.

"నేను యాభైమంది దాతలకు ఫోన్ చేసి చూశానండీ. సగం నంబర్లు పనిచేయడం లేదు. ఒకే మనిషి పేరు మూడు చోట్ల ఉంది. ఒకాయన పోయి రెండేళ్లయిందట, వాళ్లావిడ ఫోన్‌లోనే ఏడ్చింది."

వారిజ ఆమె వైపు తిరిగింది. "ముందే చెప్పలేదేం షమీమ్‌గారూ?"

"ఎప్పుడూ ముందు మీరే ఇన్ని రోజులని చెప్పేస్తారు కదండీ. ఆ తర్వాత అందరూ అదే అంటారు. ఇంక నేనేం చెప్పను?"

ఆ రోజే వాళ్లు పనిని ముక్కలు చేశారు. ఆరువేల పేర్లూ పక్కనపెట్టి, అరుదుగా దొరికే ఓ నెగటివ్ గ్రూపు దాతలు అరవైమందినే తీసుకున్నారు. ఆ పేర్లు పంచుకుని అందరూ ఫోన్లు చేశారు. ఎవరి పని ఎక్కడ ఆగిందో రోజూ ఉదయం పది నిమిషాలు నిలబడే చెప్పుకున్నారు. పన్నెండో రోజున ఆ చిన్న ముక్క రక్తనిధిలో పనిచేయడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే, మర్నాడు కాన్పు ఆపరేషన్ ఉన్న ఒకామెకు ఓ నెగటివ్ రక్తం కావలసి వచ్చింది. సందేశం అందుకుని గాజువాక నుంచి ఒక వెల్డరు పని ఆపుకుని వచ్చాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఆమె భర్త ఆఫీసుకు ఫోన్ చేసి ఆ కబురు చెప్పి, అందరికీ దండాలన్నాడు. ఫోన్ పెట్టేసి వారిజ తిన్నగా షమీమ్ దగ్గరికి వెళ్లి, అందరి ముందూ రెండు చేతులూ జోడించింది.

సాయంత్రం మాస్టారి కాళ్లకు దండం పెట్టింది. "మీ మేలు మరిచిపోలేను మాస్టారూ. ఇకమీదట మీటింగుల్లో ఏం చెప్పాలో కూడా మీరే నేర్పండి."

మాస్టారు నవ్వారు. "చెప్పడం నీకెప్పుడో వచ్చమ్మా. అందరూ చెప్పాక చెప్పడమే ఇక నేర్చుకోవాలి."