మొగ దగ్గర కొర్లమ్మ

ఏ రాజు ఏలుబడిలోనో చెప్పలేను గానీ, పొగ పడవలు పుట్టకముందు మాట. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో కొర్లమ్మ అని ఒక ముసలామె. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక పాత పడవ.

చలికాలం వస్తే మొగలోకి డాల్ఫిన్లు వచ్చేవి. వాటిని చూడాలని ఎక్కడెక్కడి జనమో బళ్ళు కట్టుకుని వచ్చేవారు. వాళ్ళని తీసుకెళ్ళడానికి మూడు పడవలు. అప్పన్న పడవ వాటిని తరిమేది. సూరయ్య పడవ వాటికి అడ్డం తిరిగేది. కొర్లమ్మ పడవ దూరంగా ఆగేది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఆమె అనేది: "వస్తే సూద్దాం. రాకపోతే పోదాం."

అలాంటి పడవ ఎవరెక్కుతారు?

ఒక ఏడు జమీందారు వచ్చాడు. "నేను వాటిని చేత్తో తాకాలి" అన్నాడు. అప్పన్న, సూరయ్య ఆయన్నీ ఆయన పరివారాన్నీ ఎక్కించుకున్నారు. కొర్లమ్మ పడవ ఎవరూ ఎక్కలేదు. అయినా వెనకాలే వెళ్ళింది.

రెండు పడవలూ చుట్టుముట్టి ఒక డాల్ఫిన్ పిల్లని లోతులేని నీళ్ళలోకి నెట్టాయి. తల్లి బయట ఉండిపోయింది. అటు పోతోంది, ఇటు వస్తోంది, తోకతో నీళ్ళు బాదుతోంది.

"అప్పన్నా, దారియ్యి" అంది కొర్లమ్మ.

అప్పన్న వినలేదు.

"దారియ్యరా, తల్లి తల్లడిల్లిపోతంది."

"ఇంకా దగ్గరికి పోనీ!" అన్నాడు జమీందారు.

మూడోసారి కొర్లమ్మ నోరు తెరవలేదు. తన పడవతో అప్పన్న పడవని గుద్దింది. తన పడవ పాత చెక్కలు విరిగిపోయాయి, అప్పన్న పడవ పక్కకి జరిగింది. ఆ సందులోంచి పిల్ల తల్లిని చేరుకుంది. కొర్లమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడి, అవి కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఇది మళ్ళీ తెడ్డు పట్టకూడదు!" అని జమీందారు హుకుం చేసి పోయాడు. నాటినుంచి ఆమె నలుగురి వలలూ బాగుచేసి పొట్ట పోసుకుంది.

మరుసటేడు డాల్ఫిన్లు రాలేదు. ఆ పైయేడూ రాలేదు. మూడో ఏడూ రాలేదు. బళ్ళు రావడం మానేశాయి. అప్పన్న కొర్లమ్మ గుడిసెకొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"అత్తా, ఇప్పుడేటి సెయ్యాల?"

"ఏటీ సెయ్యకండి. చలికాలం మొగని వదిలెయ్యండి."

"వస్తాయంటావా?"

"నాకేటి తెలుసురా. మనం పిలిస్తే వచ్చినవి కావు గదా."

పల్లె ఆ మాట విన్నది. కొర్లమ్మ రోజూ పొద్దున్నే ఇసకలో కూర్చుని మొగకేసి చూసేది. చూసి చూసి, ఒక ఏడు మంచు పడకముందే కన్నుమూసింది.

ఆమె దినానికి చేపలు తెద్దామని, అప్పన్న మొగకి ఎడంగా పడవ తీశాడు. మొగవైపు నీళ్ళమీద ఒక నల్లటి వీపు మెరిసింది. పక్కనే ఒక చిన్న వీపు. అప్పన్న తెడ్డు ఆపేశాడు. అవి ఊపిరి వదిలిన చప్పుడు విని, పడవలోనే కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

ఇప్పటికీ డాల్ఫిన్లు తమ పిల్లలతో తిరిగే రోజుల్లో ఆ పల్లె పడవ మొగలోకి పోదు. మిగతా రోజుల్లో ఒక్కొక్క పడవే పోతుంది, దూరాన ఆగుతుంది. ఎంతసేపు చూసినా ఏమీ కనబడక, వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటే పడవవాడు నవ్వుతాడు.

"మనకి కనబడకపోతేనేం బాబూ, కొర్లమ్మకి కనబడుంటాయిలే" అని పడవ వెనక్కి తిప్పుతాడు.