గండయ్యని ఎప్పుడు దింపాలి?

ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి. నాకు తెలుసు, మీ రాక్షసుల పోటీలో ఇప్పుడే ఓడిపోయారు. నిప్పులు కక్కే ఆ పెద్దదాన్ని మొట్టమొదటే దింపారు. అవతలివాడు నీళ్ళు చిమ్మేదాన్ని దింపాడు. మీది ఢమాల్! తప్పు ఫోన్‌ది కాదు, నెట్‌దీ కాదు. ఇలా వచ్చి కూర్చోండి, ఒక కథ చెబుతాను.

అనగనగా ఒక అడవి. అందులో ఫోన్లు లేవు గానీ, అచ్చం మీ ఆటలాంటి ఆట మాత్రం ఉంది.

ఆ అడవి మధ్యలో ఒక వాగు. వేసవి వచ్చిందంటే వాగంతా ఎండిపోయి ఇసుకే మిగిలేది. ఆ ఇసుకలో ఒక్క చోట మాత్రం తవ్వితే నీళ్ళు ఊరేవి. దాన్ని చెలమ అంటారు. రెండు గట్ల మీద ఉన్న జంతువులన్నిటికీ ఆ ఒక్క చెలమే దిక్కు. పొద్దున్నే ముందు తాగినవాళ్ళకి తేట నీళ్ళు. తర్వాత వచ్చినవాళ్ళకి బురద. అందుకని ఏటా ఎండలు ముదరకముందే రెండు గట్లవాళ్ళూ పోటీ పెట్టుకునేవారు. మూడు ఆటల్లో రెండు గెలిచిన గట్టుకి వేసవంతా తొలి నీళ్ళు.

కిందటేడు ఇటు గట్టువాళ్ళు ఓడిపోయారు. వేసవంతా బురద తాగారు. చెంగి అనే తల్లి కుందేలు పిల్లలకి కడుపునొప్పి పట్టుకుంది. పెద్దవి తేరుకున్నాయి. అన్నిటికన్నా చిన్నది మాత్రం ఇంకా నీరసంగానే ఉంది. మళ్ళీ బురద తాగితే ఇది నాకు దక్కదని చెంగికి భయం. అందుకే ఈ ఏడు తనే ముందుకొచ్చి జట్టు పెద్దగా నిలబడింది.

ఆట పద్ధతి చెబుతాను, బాగా వినండి. ఇసుకలో గుండ్రంగా గీత గీస్తారు. అదే బరి. ఒక్కో జట్టులో ముగ్గురు. బరిలో మాత్రం ఒక్కో వైపు నుంచి ఒక్కరే ఉండాలి. గీత దాటి బయట పడ్డవాడు ఆటలోంచి పోయినట్టే. ముగ్గురూ పోతే ఆ జట్టు ఓడినట్టు. మధ్యలో జట్టు పెద్ద "మార్పు!" అని అరిచి, తనవాణ్ణి వెనక్కి పిలిచి ఇంకొకణ్ణి పంపొచ్చు. అలా మారి వచ్చినవాడు కదలకుండా నిలబడి ముందు ఎదుటివాడి దెబ్బ ఒకటి తినాలి. తనవాడు బయట పడ్డాక వచ్చినవాడికి మాత్రం ఆ దెబ్బ ఉండదు. ఇది చిన్న సంగతే. కానీ కథంతా ఇక్కడే ఉంది.

చెంగి జట్టులో మొదటివాడు గండయ్య. అడవి పంది. అబ్బో, వాడి బలం ఏమని చెప్పను! ఒక్క కుమ్ము కుమ్మితే చీమలపుట్ట పొడి పొడి అయ్యేది. ఒక లోపం మాత్రం ఉంది. ఒళ్ళేమో బండరాయంత, కాళ్ళేమో పుల్లలంత. పక్కనుంచి కాళ్ళ మీద ఒక్క దెబ్బ పడితే దబ్బున కూలబడేవాడు.

రెండోది నిమ్మళత్త అనే తాబేలు. అందరికీ అత్తే. మూడోవాడు ముత్తడు అనే ముంగిస. ఈ ఇద్దరూ జట్టులో ఉన్నారన్న సంగతి చాలామందికి గుర్తు కూడా లేదు.

మొదటి ఆట రోజు వచ్చింది. అటు గట్టు పెద్ద జగ్గులు అనే దుమ్ములగొండి. మనిషిలా నవ్వుతుందే, ఆ జంతువు. వాడి జట్టులో అడవిపిల్లి, కొండముచ్చు, అలుగు. ఒళ్ళంతా గట్టి పెంకులుండి, భయం వేస్తే బంతిలా చుట్టుకుపోయేదే అలుగు.

చెంగి మరో ఆలోచన లేకుండా గండయ్యని దింపింది. గండయ్య బుస్సున వచ్చాడు. ఒక్క కుమ్ము! కొండముచ్చు గీత బయట పడింది. ఇంకో కుమ్ము! అడవిపిల్లి పొదలో తేలింది. అలుగు కళ్ళు తెరిచి చూసేలోపే అదీ బయటికి పోయింది. మీరు రెప్ప వేసేలోగా ఆట అయిపోయింది.

"గండయ్యా! గండయ్యా!" అని ఇటు గట్టు హోరెత్తిపోయింది. ఎవరి ఇంట్లో ఏ మంచి దుంప ఉంటే అది తెచ్చి వాడి ముందు పోశారు. ఒక అడవికోడి వాడి వీపెక్కి డాన్సు కూడా చేసింది. ఆనాటి నుంచి చెంగి రోజూ గండయ్యకే తర్ఫీదు ఇచ్చింది.

"అక్కా, నేను కూడా కాస్త నేర్చుకుంటానే," అన్నాడు ముత్తడు.

"నీతో ఏం పనిరా? గండయ్య ఉన్నాడుగా!" అంది చెంగి.

అటు గట్టు మీద జగ్గులు మాత్రం నవ్వడం మానేసి ఆలోచనలో పడ్డాడు. "వాళ్ళు మళ్ళీ ఆ పందినే ముందు దింపుతారు. పిచ్చి గట్టు అది. ఒసేయ్ అలుగూ, ఇలా రా. ఈసారి నువ్వు ముందు దిగాలి," అన్నాడు.

రెండో ఆట వచ్చింది. చెంగి గండయ్యనే దింపింది. ఎదురుగా అలుగు నిలబడింది. గండయ్య కాలు దువ్వాడు. అలుగు గబగబా ఇసుకలో గుంట తవ్వుకుని, సగం దాకా దిగి, గట్టిగా చుట్టుకుంది.

గండయ్య కుమ్మాడు. ఠంగ్! వాడి మూతి వాచింది. అలుగు కదల్లేదు.

"అక్కా, వాణ్ణి వెనక్కి పిలువు. నన్ను పంపు," అన్నాడు ముత్తడు.

"నువ్వుండరా! ఇంకొక్క కుమ్ము చాలు," అంది చెంగి.

గండయ్య మళ్ళీ కుమ్మాడు. ఈసారి కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. మూడోసారి కుమ్మబోయి తూలాడు. అదే అదనుగా అలుగు తోక విసిరి వాడి కాళ్ళ మీద ఒక్కటిచ్చింది. గండయ్య దొర్లుకుంటూ పోయి గీత బయట పడ్డాడు.

చెంగి కంగారులో అత్తని దింపింది. పాపం అత్త అప్పటికి హాయిగా ఆకు నములుతూ ఉంది. "ఏమిటే, నేనూ ఆడాలా?" అంటూ బరిలోకి నడిచింది. నోట్లో ఆకు అయ్యేలోపే బయట పడింది. ముత్తడికి తర్ఫీదే లేదు. వాడూ అంతే. ఆట పోయింది. జగ్గులు పడీ పడీ నవ్వాడు.

ఇక చూడండి ఇటు గట్టు వాళ్ళ తీరు! నిన్నటిదాకా దుంపలు పోసినవాళ్ళే, "దండగ పంది, తిండిపోతు పంది," అని మొదలుపెట్టారు. ఇంత త్వరగా మాట మార్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీరైతే ఎప్పుడూ అలా చెయ్యకండి.

గండయ్య బురదగుంటలోకి పోయి ముక్కు దాకా మునిగి కూర్చున్నాడు. చెంగి అక్కడికే వచ్చింది. వెనకే ముత్తడు, చాలాసేపటికి అత్త.

"అక్కా, నా పనైపోయింది. ఇంకెవరినైనా వెతుక్కో," అన్నాడు గండయ్య.

"తప్పు నీది కాదు నాన్నా, నాది. నీ బలం చూసి నా బుర్ర పని చెయ్యడం మానేసింది. నా పిల్ల గొంతులోకి తేట నీళ్ళు పడాలన్న తొందర తప్ప నాకింకేమీ కనపడలేదు. ముత్తా, ఆ వేళ నిన్ను పంపమన్నావు. ఎందుకురా?" అంది చెంగి.

ముత్తడు మీసాలు దువ్వుకున్నాడు. ఎవరో తన మాట అడగడం వాడికి భలే సంతోషంగా ఉంది. "చుట్టుకుపోయినదానికి కళ్ళు కనపడవు కదక్కా. దాన్ని కుమ్మక్కర్లేదు. కింద ఇసుక తోడేస్తే చాలు. నేను పుట్టిందే తవ్వడానికి," అన్నాడు.

"మరి మిగతా ఇద్దరు?" అంది చెంగి.

"వాళ్ళని నాకొదిలెయ్యి," అంది అత్త. "గెలవలేను గానీ, వాళ్ళ ఓపిక మొత్తం తినేస్తాను. ఆ తర్వాత నేను పడిపోతాను. నేను పడ్డాకే అబ్బాయిని దింపు. అప్పుడు వాడికి ఆ మొదటి దెబ్బ ఉండదు. వాడి పుల్లకాళ్ళు భద్రం. తాజాగా వచ్చి కుమ్ముకుంటాడు."

"నువ్వు దెబ్బలు తింటుంటే నేను చూస్తూ కూర్చోవాలా అత్తా?" అన్నాడు గండయ్య.

"అవును. నీకు అన్నిటికన్నా కష్టమైన పని అదేరా," అంది అత్త.

ఆనాటి నుంచి ముగ్గురూ కలిసి సాధన చేశారు. ముత్తడు తవ్వడం, అత్త నోటితో పట్టు పట్టడం, గండయ్య కూర్చోవడం. నవ్వకండి. కూర్చోవడం నేర్చుకోవడానికే వాడికి అందరికన్నా ఎక్కువ రోజులు పట్టింది.

మూడో ఆట రోజు రెండు గట్లూ కిక్కిరిసిపోయాయి. చెంగి చిన్నపిల్ల కూడా తల్లి పక్కన నీరసంగా కూర్చుని చూస్తోంది. జగ్గులు మళ్ళీ అలుగునే దింపాడు. చెంగి ముత్తణ్ణి దింపింది.

"ఏమ్మా చెంగీ, మీ పంది జలుబు చేసి పడుకుందా?" అని నవ్వాడు జగ్గులు.

ఇటు గట్టువాళ్ళకి కోపం వచ్చింది. "గండయ్యని దింపు! ఈ ముంగిస ఏం చేస్తాడు?" అని కేకలు పెట్టారు. చెంగి చెవులు రెండూ వెనక్కి వాల్చుకుని ఎవరి మాటా వినలేదు.

అలుగు అలవాటు ప్రకారం ఇసుకలో దిగి చుట్టుకుంది. ముత్తడు దాన్ని కొట్టనే లేదు. చుట్టూ తిరుగుతూ బరబరా తవ్వాడు. కింద ఇసుక జారిపోయింది. ఒక్క తోపు తోసేసరికి అలుగు లడ్డూలా దొర్లుకుంటూ గీత దాటి, జగ్గులు కాళ్ళ దగ్గర ఆగింది. తల బయటపెట్టి, "నేను గెలిచానా?" అని అడిగింది. రెండు గట్లూ ఘొల్లుమన్నాయి.

జగ్గులు కోపంగా అడవిపిల్లిని దింపాడు. ముత్తడు తవ్వీ తవ్వీ అలిసిపోయి ఉన్నాడు. కాసేపు ఎగిరి దూకి, చివరికి బయట పడ్డాడు.

అత్త బరిలోకి వచ్చింది. గీత దగ్గర నుంచి మధ్యకి రావడానికే చాలాసేపు పట్టింది. పిల్లి ఎగిరి చరిచింది. అత్త తల లోపలికి లాక్కుంది. పిల్లి మళ్ళీ చరిచింది, గీకింది. అత్త డిప్ప మీద గీతలు పడ్డాయి, పిల్లి పంజాలు వాచాయి. "అమ్మో, నా చేతులు!" అని పిల్లి ఏడుపు మొహం పెట్టింది.

"మార్పు!" అరిచాడు జగ్గులు. కొండముచ్చు వచ్చింది. మారి వచ్చింది కాబట్టి ముందు దెబ్బ తినాలి కదా? అత్త తీరిగ్గా దాని వెనక్కి నడిచి, తోక పట్టుకుని కసుక్కున కొరికింది. కొరికి, వదల్లేదు!

కొండముచ్చు గంతులేసింది. గిరగిరా తిరిగింది. అత్తని నేలకేసి కొట్టింది. ధన్, ధన్ మని చప్పుడవుతోంది. అత్త పట్టు విడవలేదు.

"అత్తని చంపేస్తుందక్కా! నన్ను పంపు!" అన్నాడు గండయ్య. వాడి కళ్ళలో నీళ్ళు. ఇటు గట్టంతా, "మార్చు! మార్చు!" అని అరుస్తోంది. చెంగికీ ప్రాణం కొట్టుకుపోతోంది. అత్తని చూడలేకపోతోంది. నోరు తెరిచింది కూడా. ఇప్పుడు మారిస్తే మాత్రం కొండముచ్చు దెబ్బ తిన్నగా గండయ్య కాళ్ళ మీద పడుతుంది. పక్కకి చూస్తే చిన్నపిల్ల ఎండిన పెదాలు తడుపుకుంటోంది.

అత్త బిగించిన నోటి సందునుంచే గొణిగింది. "ఒసేయ్ చెంగీ, పిలిచావంటే నీతో మాట్లాడను."

చెంగి నోరు మూసుకుంది. గండయ్య కాళ్ళు ఇసుకలో గుచ్చి కూర్చున్నాడు.

చివరికి కొండముచ్చు ఉన్న ఓపికంతా పెట్టి తోక విదిలించింది. అత్త గాల్లో ఎగిరి గీత బయట వెల్లకిలా పడింది. కాళ్ళు నాలుగూ ఆడిస్తూ, "ఇక కానివ్వరా అబ్బాయ్," అంది.

గండయ్య లేచాడు. దెబ్బ లేదు, అలసట లేదు, ఒంట్లో బలం ఉన్నది ఉన్నట్టే ఉంది. కొండముచ్చు రొప్పుతూ వాచిన తోక పట్టుకుని నిలబడింది. ఒక్క కుమ్ము! అది జగ్గులు పక్కనే పోయి పడింది. మళ్ళీ పిల్లి వచ్చింది. మునుపటి గండయ్య అయితే ఊపుగా మీదికి పోయేవాడే. పిల్లి తప్పుకుని కాళ్ళ మీద కొట్టేది. ఈసారి వాడు ఆగాడు. పిల్లినే రానిచ్చాడు. అది వాచిన పంజాలతో దూకబోయి ఇసుకలో జారింది. అప్పుడు కుమ్మాడు, మెల్లగానే. చాలింది.

ఇటు గట్టు వాళ్ళు మళ్ళీ, "గండయ్యా! గండయ్యా!" అని మొదలుపెట్టారు. గండయ్య ఎవరి వైపూ చూడకుండా పరుగెత్తుకెళ్ళి, మూతితో అత్తని తిప్పి నిలబెట్టాడు.

"అరవడం ఆపండి. వీళ్ళిద్దరూ లేకపోతే నేను మొన్నటి దండగ పందినే," అన్నాడు. ఇటు గట్టువాళ్ళకి సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే చెలమ దగ్గర తేట నీళ్ళు. అందరికీ దాహం. అయినా గండయ్య దారికి అడ్డంగా కూర్చుని, "అత్త వచ్చాకే," అన్నాడు. అత్త వస్తోంది. వస్తూనే ఉంది. ఎండ చురుక్కుమంటున్నా ఎవ్వరూ నోరెత్తలేదు. ఎట్టకేలకి చెలమ అంచుకి చేరి, నీళ్ళలోకి ఒకసారి చూసి, అత్త పక్కకి జరిగింది.

"ముందు ఆ చిన్నదాన్ని రానీ," అంది.

చెంగి చిన్నపిల్ల మూతి ముంచి గటగటా తాగింది. నీళ్ళు చెవుల దాకా అంటుకున్నాయి. తల ఎత్తి, "అమ్మా, నీళ్ళకి రుచే లేదేంటి?" అంది. ఆ చెలమలో అది బురద రుచి తప్ప ఎరగదు మరి. చెంగికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నీతి: జట్టులో ఎంత బలవంతుడున్నా, తోటివాళ్ళు దారి చేశాక, సరైన సమయంలో దింపినప్పుడే ఆ బలం గెలిపిస్తుంది.