తెర మీద మాయమైన ఏనుగు

అనగనగా ఒక రాజ్యంలో, రాజుగారి కళ్ల ముందే, ఒక ఏనుగు మాయమైపోయింది.

నిజం ఏనుగు కాదు లెండి, తోలుబొమ్మ. దాన్ని చేసింది ఒక మరమనిషి. తప్పు మాత్రం రంగూబాయిది.

రంగూబాయి బొమ్మలు చేస్తుంది. మొగుడు గోవిందరావు తెర వెనక నిలబడి వాటిని ఆడిస్తాడు. మేకతోలు పలచగా గీకి, రంగులద్ది, ఉలితో చిల్లులు పెడితే, వెనకనున్న దీపం వెలుగు వాటిలోంచి వచ్చి బొమ్మకు నగలు పెట్టినట్టు మెరుస్తుంది.

ఆ ఏడు వసంతోత్సవంలో మూడు సాయంత్రాలు వాళ్ల ఆట. "ఆట రక్తి కట్టకపోతే, వచ్చే ఏటి నుంచి వేదిక గారడీవాళ్లది," అన్నారు రాజుగారు. పని ఎక్కువ, గడువు తక్కువ అని, ఆస్థాన కమ్మరులు తయారుచేసిన మరమనిషిని సాయానికి పంపారు. పేరు ఇనపయ్య. రాజ్యంలోని బొమ్మలన్నిటినీ ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకున్న బుర్ర.

ఇనపయ్య ఏనుగును చేశాడు. ఒళ్లంతా మల్లెమొగ్గలంతేసి చిల్లులు, ఒక్కటీ వంకర లేదు. వరుస వరుసకూ బొమ్మను దీపానికి పట్టి చూడమని రంగూబాయికి అత్తగారు నేర్పింది. బల్ల మీద ఆ అందం చూసి ఆమె ఆ పని మానేసింది.

మొదటి సాయంత్రం అన్ని చిల్లుల్లోంచీ వెలుగు దూసుకొచ్చి బొమ్మను మింగేసింది.

"ఏనుగేదీ?" అన్నారు పిల్లలు.

"స్నానానికెళ్లింది," అన్నాడు గోవిందరావు తెర వెనక నుంచి.

జనం నవ్వారు. రాజుగారు నవ్వలేదు.

"చిల్లులు తగ్గించు," అని కసిరింది రంగూబాయి. ఇనపయ్య రెండో ఏనుగుకు అసలు పెట్టడమే మానేశాడు. కోపంలో ఆమె ఈసారీ దీపానికి పట్టలేదు. రెండో సాయంత్రం తెర మీద నల్లటి ముద్ద ఒకటి నడిచింది.

"గడ్డివాము వచ్చిందిరోయ్," అన్నారెవరో. గారడీవాళ్లు అప్పుడే వేదిక కొలుచుకుంటున్నారు.

"ఈ ఇనపబుర్రను కొలిమికి పంపెయ్," అన్నాడు గోవిందరావు.

"బుర్ర వాడిది, సరేనయ్యా. నా కళ్లెక్కడికి పోయాయి?" అంది రంగూబాయి.

మూడో రోజు పొద్దున్నే తలుపులు మూసి, దీపం వెలిగించి, ఇనపయ్యను తెర ముందు పీట మీద కూర్చోబెట్టింది. మొదటి ఏనుగును పట్టుకుని తాను వెనక నిలబడింది.

"ఏం కనిపిస్తోంది?"

"వెలుగమ్మా. ఏనుగు లేదు." అన్నాడు ఇనపయ్య. "నేను చూసిన బొమ్మలన్నీ బల్ల మీదివే. ఇలా చూడాలని నాకు తెలియదు."

"చెప్పాల్సింది నేను. ఇంకో తోలు తీసుకో."

ఇనపయ్య ఉలి ఆడించాడు. వరుస పూర్తయినప్పుడల్లా ఆమె బొమ్మను దీపానికి పట్టింది. "చెవి మీద ఇంకొంచెం. పొట్ట దగ్గర ఆపు. ఆపమన్నానా."

ఆ సాయంత్రం ఏనుగు గజ్జెలు మెరిపిస్తూ, చెవులు విసురుతూ వచ్చింది. పిల్లలు తెర మీదికి అరటిపళ్లు విసిరారు. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఇంత పనిమంతుడుండగా ఇక ఈమె ఎందుకు?" అన్నాడు మంత్రి.

ఇనపయ్య చేతులు జోడించాడు. "చిల్లు పెట్టడం నాకొచ్చు మంత్రిగారూ. ఎక్కడ ఆపాలో అమ్మకొచ్చు."

వేదిక రంగూబాయి వాళ్లకే దక్కింది.

ఆనాటి నుంచి, తాను చేసినా ఇనపయ్య చేసినా, దీపానికి పట్టి చూడనిదే రంగూబాయి ఏ బొమ్మనూ గడప దాటనివ్వలేదు.

పని ఎవరి చేతిదైనా, చూసే బాధ్యత మన కంటిది.