ఎత్తేవాళ్ళు లేని బిందె

తబిత ఆ నాట్యబడికి వచ్చి ఆరు నెలలైంది. ఆ ఆరు నెలల్లో తోటిపిల్లలు ఆమెతో మాట్లాడిన మాటలన్నీ ఏరి మూటగడితే పిడికెడు కూడా తూగవు. "లైటు తియ్యి", "కాస్త జరుగు", "నీకు ఉత్తరమొచ్చింది". ఆ మూడో మాటైనా రెండుసార్లే.

గోదావరి గట్టుకి దగ్గర్లో, మిషను కాంపౌండులో ఉండేది ఆ బడి. ప్రభువు కథల్ని గజ్జె కట్టి ఆడటం నేర్పేవాళ్ళక్కడ. పొద్దున్నే ప్రార్థన, అది కాగానే అడుగులు. మొత్తం పన్నెండు మంది ఆడపిల్లలు. పదకొండు మంది ఒక చాప మీద కూర్చునేవాళ్ళు. తబితకి వేరే చాప. ఎవరూ వెయ్యమనలేదు, అదే అలా పడింది.

విశాఖపట్నంలో తబిత నాట్యపోటీల్లో గెలుచుకున్న కప్పులు వరసగా పేరిస్తే వాళ్ళింటి నుంచి రైలుస్టేషను దాకా వచ్చి, టిక్కెట్ల కిటికీ దగ్గర ఇంకో నాలుగు నిలబడేవి. వచ్చిన మొదటిరోజు ముమ్మిడివరం పిల్ల సలోమి తన దగ్గరికొచ్చి, "గజ్జెలు కట్టనా?" అంది.

"అక్కర్లేదు. నాకొచ్చు."

మర్నాడు జడ వేస్తానంది.

"అక్కర్లేదు."

మూడోనాటి నుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

ఈస్టరు పండక్కి ఒంటరిగా ఆడే నృత్యం తబితకిచ్చారు. ఊరివాళ్ళు దూరం పెట్టిన ఒకావిడ, ఎవరూ రాని మిట్టమధ్యాహ్నం చూసుకుని బావికొస్తుంది. బిందె నింపి తలకెత్తుకుని తిరిగేసరికి, అలిసిపోయి గట్టు మీద కూర్చున్న ప్రభువు దాహం అడుగుతాడు. కథ అంతే. తబిత ఆ దాహం దాకా రానే లేదు. బిందె ఎత్తే చోటే ఆగిపోయింది, ఒకరోజు కాదు, ఇరవైమూడు రోజులు.

నేర్పేది ఎలీసమ్మగారు. ఆవిడ వయసు నూట పదని పిల్లలనేవాళ్ళు. ఎంత తగ్గించి చెప్పుకున్నా ఎనభైకి దిగదు. పీట మీద కూర్చుని చెక్క మీద కర్రతో తాళం వేసేవారు. తబిత బిందె ఎత్తగానే ఆ కర్ర ఆగిపోయేది.

"మళ్ళీ."

"తప్పెక్కడుందండీ అమ్మగారూ? చేతుల్లోనా, చూపులోనా?"

"బిందెలో."

"బిందె లేదు కదండీ. ఉన్నట్టు ఆడుతున్నాను."

"అవును. ఉన్నట్టు ఆడుతున్నావు," అన్నారావిడ. "మళ్ళీ."

పెద్దచాప మీంచి సలోమి, "గాలిబుడగ నెత్తినెట్టుకున్నట్టుందే," అంది. సలోమి గుసగుసగా అంటేనే గోదావరికి అవతల మేస్తున్న గేదెలు తలెత్తి చూసేవి. ఇక చాపంతా నవ్వింది.

ఇరవైనాలుగో రోజు తబిత ట్రంకుపెట్టె సర్దేసుకుంది. భోజనాల వేళకి ఎలీసమ్మగారి గది ముందు నిలబడింది.

"సాయంత్రం బండికి వెళ్ళిపోతానండీ. ఈ వేషం సలోమికిచ్చెయ్యండి. ఇక్కడ నాకు ఎవరూ లేరు."

ఎలీసమ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"సరే, వెళ్ళు. వెళ్ళేముందు నాకో బిందెడు నీళ్ళు తెచ్చిపెట్టు. నిండుగా ఉండాలి. తల మీద తేవాలి. చంకనెత్తుకురాకు."

ఆ బిందె ఇత్తడిది, ఏ దొరసాని కాలం నాటిదో. చిన్న దూడనైతే అందులో పడుకోబెట్టి జోకొట్టొచ్చు. బావి వంటశాల వెనకుంది. అక్కడికి ముప్ఫై అడుగుల దూరంలో భోజనాల వసారా. పదకొండు మందీ పళ్ళేల ముందు కూర్చునున్నారు.

ఎండంటే అలాంటిలాంటి ఎండ కాదు. కాకులు ఒకదాని రెక్క కింద ఒకటి దూరి నీడ వెతుక్కుంటున్నాయి. తబిత గిలక మీద చేద వేసి తోడింది. బిందె నింపడం బాగానే అయింది. రెండు చేతులా పట్టి ఎత్తబోయింది. గుండెల దాకా వచ్చి ఒరిగి నీళ్ళన్నీ ఒంటి మీద కుమ్మరించింది. మళ్ళీ నింపి మోకాలి మీదికి తెచ్చుకుంది. అక్కణ్ణించి పైకి లేవదు. మూడోసారి బిందె చేతుల్లోంచి జారి చప్టా మీద దొర్లింది. ఆ మోతకి మూడూళ్ళ అవతల చర్చిగంట మోగిందనుకుని మోకాళ్ళేసినవాళ్ళున్నారు.

వసారాలో ఎవరో లేవబోయారు. ఇంకెవరో, "అక్కర్లేదంటదిలే, కూర్చో," అన్నారు. ఆ మాట తబితకి స్పష్టంగా వినబడింది.

నాలుగోసారి నింపింది. ఈసారి ఎత్తబోలేదు. అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. అటు చూసింది. దారి ఖాళీ. ఇటు చూసింది. గోడ, గోడ మీద ఎండ. నీళ్ళలో తన మొహం ఒక్కటే కనబడుతోంది, అదీ వణుకుతూ.

ఎలీసమ్మగారు గొడుగేసుకుని, చేతిలో గ్లాసుతో నెమ్మదిగా వచ్చి బావిగట్టు మీద కూర్చున్నారు.

"దాహంగా ఉంది పిల్లా. కాసిని పొయ్యి."

తబిత పోసింది. ఆవిడ తాగారు.

"ఇంకాసిని."

అవీ తాగారు. తబిత బిందె వైపు చూస్తూ, "ఒక్కదాన్నే ఎత్తలేనండీ," అంది.

"ఎవరెత్తగలరు? నేను పధ్నాలుగేళ్ళప్పట్నించి మోశాను, నేనే ఎత్తలేదు."

"మరెలా మోశారండీ?"

"'కాస్త చెయ్యి వెయ్యవే' అనేదాన్ని."

తబిత బిందె అంచు వెంట వేలితో గీసింది. తర్వాత చాలా చిన్నగా అడిగింది.

"ఎవరూ లేనప్పుడో?"

ఎలీసమ్మగారు గ్లాసు బోర్లించి ఆఖరి చుక్కలు నేల మీద దులిపారు.

"సగం పారబోసేదాన్ని."

లేచి గొడుగు సర్దుకున్నారు. "బండి ఎన్నింటికి?"

"అయిదున్నరకండీ."

"చాలా టైముందిలే," అని వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

తబిత వసారా వైపు తిరిగింది. మొదటిసారి నోరు తెరిచి మూసేసింది. రెండోసారి గాలి వచ్చింది. మూడోసారికి పేరు వచ్చింది.

"సలోమీ. కాస్త చెయ్యి వేస్తావా?"

వసారాలో పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. అది ఆగినంతసేపట్లో తబితకి తల నెరిసిపోయి ఉండాలి, ఎందుకు నెరవలేదో తెలీదు. సలోమి లేచి, చెయ్యి కడుక్కుని, పావడాకి తుడుచుకుంటూ వచ్చింది. బిందెని చూసింది. తబిత తలని చూసింది.

"చుట్టకుదురేదే?"

"అంటే?"

"అంటేనా? నెత్తికీ బిందెకీ మధ్యన పెట్టేది. ఇంతసేపూ ఉత్త నెత్తి మీదికేనా ఎత్తుతున్నావు? ఓసి కప్పుల రాణీ, అన్ని కప్పుల్లో ఒక్కళ్ళూ చెప్పలేదా నీకు?"

అంటూనే తన ఓణీ లాగి మెలిపెట్టి గుండ్రంగా చుట్టింది. తబిత తల మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కింది. ఆరు నెలల తర్వాత ఆ తల మీద ఒక మనిషి చెయ్యి పడింది. తబిత కళ్ళు మూసుకుంది.

"నిద్దరోకు. పట్టు. నువ్వా వైపు, నేనీ వైపు."

సాయంత్రం బండి దాని దారిన అది పోయింది.

మర్నాడు క్లాసులో తబిత లేని చేదతో లేని నీళ్ళు తోడి, లేని బిందె నింపింది. ఎత్తలేదు. అంచు మీద చెయ్యి వేసి అటు చూసింది. ఇటు చూసింది. చూసినంతసేపట్లో ఒక పిందె కాయై, పండై, రాలిపోయి ఉంటుంది. ఎవరూ రాలేదు. అప్పుడు వంగి, బిందె ఒరగబెట్టి, సగం నీళ్ళు నేల మీద వదిలేసింది. మిగిలిన సగాన్ని మోకాలి మీదికి తెచ్చుకుని, రెండు చేతులా పైకి లేవనెత్తసాగింది.

చాప మీద ఎవరూ నవ్వలేదు. ఒడిలో పెట్టుకున్న సలోమి కుడిచెయ్యి, తనకి తెలీకుండానే, బిందె అందుకోబోతున్నట్టు గాల్లోకి లేచింది.

ఎలీసమ్మగారు తబితని చూడటం లేదు. ఆ చేతిని చూస్తూ తాళం వేస్తున్నారు.